అప్‌డేట్: మడమ వెనుక నొప్పి తర్వాత మళ్లీ షటిల్

షటిల్ ఆడిన మర్నాడు మడమ వెనుక నొప్పితో కాలు కింద పెట్టలేకపోతున్నాను, ఆట మానేయాల్సిందేనా అని కొన్ని నెలల కిందట అడిగాను. మానక్కర్లేదు! మళ్లీ కోర్టులో దిగుతున్నాను, ప్రస్తుతానికి డబుల్స్ మాత్రమే.

అకిలిస్ టెండన్ (పిక్క కండరాన్ని మడమ ఎముకకు కలిపే బలమైన పట్టీ) తెగలేదని, మోయగలిగిన దానికన్నా ఎక్కువ భారం పడి దెబ్బతిన్నదని ఫిజియోథెరపిస్టు చెప్పారు. మీలో కొందరు సూచించిన మెట్టు వ్యాయామమే చేయించారు. స్వీడన్‌కు చెందిన ఆల్‌ఫ్రెడ్‌సన్ బృందం 1998లో ప్రచురించిన పద్ధతి అది. మెట్టు అంచున మునివేళ్ల మీద నిలబడి, బాగున్న కాలి బలంతో పైకి లేచి, నొప్పి ఉన్న కాలి మడమను మెల్లగా మెట్టు కన్నా కిందికి దించాలి. మోకాలు నిటారుగా ఉంచి 15 చొప్పున మూడు విడతలు, కాస్త వంచి మరో మూడు. రోజూ రెండు పూటలా, 12 వారాలు.

ఓర్చుకోగలిగినంత నొప్పి ఉన్నా ఆపవద్దన్నారు. ఆ మాట నమ్మడమే అన్నిటికన్నా కష్టమైంది. ఇప్పుడు వీపు సంచిలో బరువు పెట్టుకుని మరీ చేస్తున్నాను. పొద్దున్నే మొదటి అడుగుల్లో బిగుతు ఇంకా కొంచెం ఉంది, అందుకే ఎగిరి స్మాష్ కొట్టడం మొదలుపెట్టలేదు.

ఓపికగా జవాబిచ్చిన అందరికీ, ముఖ్యంగా ఇంజెక్షన్‌కు తొందరపడవద్దని గట్టిగా చెప్పినవారికి, నా కృతజ్ఞతలు.