అప్‌డేట్: మీరు చెప్పిన పుస్తకాలు చదివాను

కుటుంబ నవలలు తప్ప వేరేవి చదవలేదు, రకరకాలవి చెప్పండి అని ఎండాకాలంలో అడిగాను కదా. అమలాపురం లైబ్రరీలో దొరికినవి కొన్ని, రాజమండ్రి నుంచి తెప్పించుకున్నవి కొన్ని పూర్తిచేశాను.

నన్ను కట్టిపడేసింది మాత్రం శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి ‘అనుభవాలూ జ్ఞాపకాలూనూ’. 1891లో మన గోదావరి వైపు పొలమూరులో, వేదశాస్త్రాల ఇంట్లో పుట్టి, తెలుగులోనే రాస్తానని పట్టుబట్టిన మనిషి ఆత్మకథ. నేను పైకి చదువుతుంటే మా అత్తయ్యగారు మినప్పప్పు రుబ్బడం ఆపి, పిండి చేత్తోనే వచ్చి గుమ్మం దగ్గర కూర్చున్నారు. ‘మా అమ్మమ్మ అచ్చం ఇలాగే మాట్లాడేదే’ అన్నారు. ఆ వాడుక మాటల కోసమైనా చదవాలండి.

కేశవరెడ్డి గారి ‘అతడు అడవిని జయించాడు’ చిన్నదే. తప్పిపోయిన పందిని వెతుక్కుంటూ అడవిలోకి వెళ్లిన ముసలాయన, ఒక్క రాత్రి, అంతే కథ. ఊపిరి బిగబట్టి చదివాను.

బుచ్చిబాబు గారి నవల ‘చివరకు మిగిలేది’ కాస్త కష్టమైంది. తల్లి మీద పడ్డ నింద కథానాయకుడు దయానిధిని వెంటాడే తీరు గొప్పగా ఉంది. కానీ పేజీలకు పేజీలు ఆలోచనలే. కథ అనంతపురం జిల్లా వజ్రకరూరు వైపు మళ్లాక నాకు పట్టు తప్పింది.

యండమూరి గారి చేతబడి నవల ‘తులసిదళం’ భయపెట్టింది, నిజమే. అయితే చిన్నపిల్లను అంత బాధ పెట్టడం నాకు నచ్చలేదు. మళ్లీ చదవను.

ఇప్పుడు ఏనుగుల వీరాస్వామి ‘కాశీయాత్ర చరిత్ర’ మొదలుపెట్టాను. 1830లో మద్రాసు నుంచి కాశీకి ప్రయాణం! ఇలాంటి యాత్రా పుస్తకాలు ఇంకేమున్నాయో చెప్పండి.