సమస్యాపూరణం: బల్ల కింద మొగుడు భక్తి వదలె

నిర్వాహకుడు: ఫ్రెంచి నాటకకర్త మోలియేర్ 'టార్టూఫ్'కి రిచర్డ్ విల్బర్ చేసిన ఇంగ్లీషు పద్యానువాదం (1963) చదువుతూ నాలుగో అంకం దగ్గర (దొంగభక్తుడు టార్టూఫ్ గుట్టు చూపించడానికి ఎల్మీర్, అతణ్ణి గురువుగా నమ్మిన తన మొగుడు ఒర్గాన్‌ని బల్ల కింద దాచే చోట) ఒక్కణ్ణే నవ్వుకుని ఈ పాదం ఇస్తున్నా. ఫ్రెంచి హాస్యనాటకం ఇంగ్లీషు రంగస్థలమెక్కిన కథే కావాలి, రాముణ్ణీ కృష్ణుణ్ణీ బల్ల కింద దూర్చకండి.

గోదారిగట్టు:
దొంగ గురువు వచ్చి తొందరపెట్టఁగా
నాలు దగ్గి దగ్గి యలసి పోయె
గుట్టు తెలిసె నంత, గురుపూజ చాలించి
బల్ల కింద మొగుడు భక్తి వదలె

శకటరేఫ: గణాలు, యతులు శుభ్రం. ఎల్మీర్ మొగుడికి సైగగా దగ్గే దగ్గు పట్టుకున్నారు, బావుంది. మూడో పాదమే నీరసం. ఆవిడ అంత దగ్గినా ఒర్గాన్ కదల్లేదు కదండీ, గురువుగారు తనను వెర్రివాడి కింద జమకట్టాకే బయటికొచ్చాడు. నాది చూడండి.

భార్య దగ్గు వినఁడు, పరువు పోఁగా వినె
ముక్కుతాటి గొడ్డు మూర్ఖుఁ డనఁగ;
నాలి కొఱకుఁ గాక యహముకై రోషించి
బల్ల కింద మొగుడు భక్తి వదలె

గోదారిగట్టు: అహం మీద విరుపు అదిరింది, కాదనను. కానీ పోయిన వారం పిసినారి సమస్యకి ఇంగ్లీషు రచయిత ఫీల్డింగ్ 1733 నాటి 'ది మైజర్'ని మొత్తంగా మోలియేర్ ఖాతాలో రాసేసినవారు మీరేనా అని!

శకటరేఫ: మూలకథ మోలియేర్‌దేగా. ఆ పద్యంలో మీకు యతి తప్పు దొరక్క తారీఖుల మీద పడ్డారు.

కొత్తచిగురు: నాది 'టార్టూఫ్'నే ఇంగ్లీషులోకి మలిచిన కోలీ సిబ్బర్ నాటకం 'ది నాన్‌జ్యూరర్' (1717). అందులో దొంగభక్తుడు జాకొబైట్ (స్టూవర్టు రాజవంశాన్ని మళ్లీ ఇంగ్లండు గద్దె ఎక్కించాలనే పక్షం) కుట్రదారు, కాబట్టి ఇక్కడ భక్తంటే గద్దె పోయిన ఆ స్టూవర్టుల మీద భక్తి.

కుట్రదారుఁ జేసె గురువునే సిబ్బరు
పారిసందుఁ గాదు, లండనందు;
పాతరాజు మీఁదఁ బడిచచ్చువాఁడైన
బల్ల కింద మొగుడు భక్తి వదలె

శకటరేఫ: 'పా'కి 'లం'తో యతా? విల్బర్ అయిదంకాలూ అంత్యప్రాస లాక్కొచ్చాడు, మీకు నాలుగు పాదాలు నిలవలేదు.

నిర్వాహకుడు: మొదటి పాదంలో 'జేసి' అని, రెండోది 'లండనందు నిల్పె లాఘవముగ' అని మార్చండి, సరిపోతుంది. 1715 జాకొబైట్ తిరుగుబాటు అయిన రెండేళ్లకే లండన్ డ్రూరీ లేన్ నాటకశాలలో ఆడిందది, అప్పటి రాజు మొదటి జార్జి ముచ్చటపడి 200 పౌండ్లిచ్చాడు. ఈ వారం నా ఓటు ఈ భక్తికే.

గోదారిగట్టు: నాదీ. శకటరేఫ గారూ, ఆ పిసినారి పద్యం మళ్లీ పెట్టండి, ఈసారి యతులు కూడా చూస్తా.