వార్డర్ ఖైదీలతో ఎంతవరకు మాట్లాడొచ్చు?

కొత్తడ్యూటీ:
జైలు వార్డర్‌గా చేరి నాలుగు నెలలైంది. శిక్షణలో చెప్పిందొకటి, బ్యారక్‌లోకి వచ్చాక వింటున్నది ఇంకొకటి. ఖైదీకి నీ ఇంటి సంగతులు చెప్పకు, పెళ్ళయిందో లేదో కూడా తెలియనివ్వకు, అడిగినదానికి జవాబివ్వు, అంతకుమించి ఒక్క మాట వద్దు అని శిక్షణలో నూరిపోశారు. ఇక్కడ మా సీనియరేమో, "మూగవాడిలా తిరిగితే ఏదో ఒక రోజు గొడవ నీ వెనకాలే మొదలవుతుంది, అందరికన్నా ఆఖర్న నీకు తెలుస్తుంది. మాట్లాడరా" అంటాడు.

మొన్న సాయంత్రం లాకప్ వేసి లెక్క చూసుకుంటుంటే, కిటికీ లేని గదిలోంచి ఒకతను "సార్, బయట వాన పడుతోందా?" అనడిగాడు. విననట్టే తాళం లాగి చూసుకుని ముందుకెళ్ళిపోయాను. నిజానికి గట్టిగానే పడుతోంది. డ్యూటీ దిగాక కూడా అదే బుర్రలో తిరుగుతోంది. నేను చేసింది క్రమశిక్షణా, పిరికితనమా? ఈ పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

ఇనుపగేటు:
29 ఏళ్ళు చేసి హెడ్ వార్డర్‌గా రిటైరయ్యాను. తమ్ముడూ, శిక్షణలో చెప్పిందే పట్టుకో.

నాతో పనిచేసినతను ఒకడుండేవాడు. మంచివాడు, అందుకే చెప్తున్నా. ఒక ఖైదీ రెండు నెలలపాటు అతనికి నమస్కారం తప్ప ఇంకేం పెట్టలేదు. తర్వాత ఒకరోజు "ముఖం పీక్కుపోయింది సార్, నిద్ర లేదా?" అన్నాడు. ఇతను నోరు జారి పిల్లాడికి జ్వరమని చెప్పాడు. మర్నాడు "బాబుకి తగ్గిందా సార్?" అని అడిగాడు. అలా ఎవరైనా అడిగితే మనసు కరగదా? కరిగింది. ఇంకో నెలకి ఒక ఉత్తరం. ఆఫీసులో చూపించకుండా బయట పోస్టు చెయ్యాలి, అంతే. కూతురికి రాసుకున్న ఉత్తరం, అందులో ఏమీ లేదు కూడా. కానీ ఆ తర్వాత వచ్చిన మాట వేరు: "ఉత్తరం సంగతి పెద్దసారుకు తెలిస్తే మీ ఉద్యోగం ఉంటుందా సార్?" అక్కణ్ణుంచి సిమ్ కార్డు, ఆపైన ఫోను. చివరికి అతనే గేటుకి ఆవలిపక్క నిలబడ్డాడు.

మొదటి రోజే ఫోను తెమ్మని ఎవడూ అడగడు. పిల్లాడి జ్వరం దగ్గరే మొదలవుతుంది.

ఇక నీ వాన సంగతి. వాన గట్టిగా పడితే గోడ మీద కాపలావాడు కప్పు కిందకి దూరతాడు, కరెంటు పోతుంది, కుక్కలు తిరగవు. నేనైతే ఆ ప్రశ్న వినగానే గోడవైపు ఒకసారి వెళ్ళి చూసొచ్చేవాణ్ణి.

రాత్రిరౌండు:
మహిళా ఖైదీల విభాగంలో 14 ఏళ్ళుగా ఉన్నాను. ఇనుపగేటు గారూ, మీ కథ నిజమే, మేమూ అలాంటివి చూశాం. కానీ అందులో మునిగింది మాటల వల్లా, దాచడం వల్లా? పిల్లాడికి జ్వరమని చెప్పిన రోజే మీ స్నేహితుడు పక్కవాళ్ళతో "ఇవాళ ఫలానావాడు నా ఇంటి సంగతి లాగాడు" అనుంటే అక్కడితో అయిపోయేది. ఉత్తరం అడిగినప్పుడైనా రాసిపెట్టి పైకి పంపుంటే మర్నాడే అతన్ని వేరే బ్లాకుకి మార్చేవాళ్ళు.

మాట్లాడకపోతే ఏం పోతుందో కూడా చెప్పాలిగా. కొన్నేళ్ళ కింద మా దగ్గరికి రిమాండ్‌లో ఒకావిడ వచ్చింది. గలగలా వాగేది, నాకు తలనొప్పి తెప్పించేది. రెండో వారంలో ఒక సాయంత్రం తన సబ్బు, దువ్వెన, మంచి దుప్పటి పక్క మంచం అమ్మాయికిచ్చేసి, నాతో "మీరు బాగా చూసుకున్నారు మేడమ్" అంది. అంతే, ఇంకేం అనలేదు. ఆమెతో రోజూ మాట్లాడకపోయుంటే ఆ మౌనం తేడాగా ఉందని నాకెలా తెలిసేది? ఆ రాత్రి ఆమెను ఒంటరిగా వదల్లేదు, డాక్టరుకి కబురు పంపాం. ఆ రాత్రి ఏమనుకుందో తర్వాత ఆమే చెప్పింది. కెమెరా కూడా ఉందక్కడ. దుప్పటి ఇవ్వడం అందులోనూ కనిపిస్తుంది. దాని అర్థం కనిపించదు.

దీన్నే ఇప్పుడు డైనమిక్ సెక్యూరిటీ అంటున్నారు. గోడ, తాళం, కెమెరా ఒక ఎత్తయితే, ఖైదీ గురించి మనకు తెలిసి ఉండడం ఇంకో రకం కాపలా. 2015 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సాధారణ సభ ఆమోదించిన, ఖైదీలను ఎలా చూడాలో చెప్పే నెల్సన్ మండేలా నియమాల్లో, 76వ నియమంలో, సిబ్బందికి శిక్షణ ఇవ్వాల్సినవాటిలో ఇదీ ఉంది. కాబట్టి ఇది నా మెత్తదనం కాదండీ, ఉద్యోగమే.

సూటిగా:
నేరాలు చేసి లోపలికెళ్ళినవాళ్ళతో కబుర్లేమిటి? జైలంటే భయం ఉండాలి. వీళ్ళకి మర్యాదలు కూడానా!

ఇనుపగేటు:
సూటిగా గారూ, దూరం ఉండమన్నాను, హింసించమనలేదు. రిమాండ్ ఖైదీ మీద నేరం ఇంకా రుజువే కాలేదు. రుజువైనవాడికి కోర్టు వేసిన శిక్ష లోపల ఉండడం. అదనంగా వడ్డించమని మాకెవరూ చెప్పలేదు. రాత్రిరౌండు అమ్మాయి చెప్పిన నియమాల్లోనే 3వది చూడండి, స్వేచ్ఛ పోవడమే బాధ, దాన్ని జైలు ఇంకా పెంచకూడదని ఉంటుంది. ఇంకో సంగతి. మీరు కోరిన భయంతో పదిమంది కాదు, వందమంది మధ్యలోకి రోజూ నడిచి వెళ్ళేది నేను. ఇంట్లో కూర్చుని భయం పెట్టమనడం తేలిక.

పుస్తకంపురుగు:
సామాజికశాస్త్రం చదివాను, జైల్లో పని చెయ్యలేదు, కాబట్టి నా మాట పూర్తిగా నమ్మెయ్యకండి. గ్రెషమ్ సైక్స్ అనే ఆయన 1950ల్లో న్యూజెర్సీలో గట్టి భద్రత ఉన్న జైలును దగ్గరనుంచి చూశాడు. ఆయన కనిపెట్టింది ఇనుపగేటు గారికీ, రాత్రిరౌండు గారికీ సగం సగం వర్తిస్తుంది. కాపలావాడి అధికారం కాగితం మీద సంపూర్ణం, వరండాలో మాత్రం చిల్లులు. అంతమందిని రోజంతా కొట్టి నడిపించలేడు. అతని బ్లాకు ప్రశాంతంగా ఉందా లేదా అన్నదాన్ని బట్టే పైవాళ్ళు అతన్ని లెక్కగడతారు. అందుకని చిన్న తప్పులు చూసీచూడనట్టు వదిలేస్తాడు, పెద్దవి జరక్కుండా ఖైదీలు సర్దుకుంటారు. చెప్పుకోని ఒప్పందమన్నమాట. స్నేహం, ఇచ్చిపుచ్చుకోవడం, పనిని ఖైదీకే అప్పజెప్పేయడం, ఈ మూడు దార్లలో అధికారం జారిపోతుందని ఆయన అన్నాడు. మూడోది ఎవరూ పట్టించుకోరు. మౌనంగా ఉండే వార్డర్ కూడా రాతకోతలు, పంపకాలు, కబుర్లు మోయడం ఒక పాత ఖైదీకి వదిలేస్తే, బ్లాకు ఆ ఖైదీదే.

ఎవరో ఒకరు స్టాన్‌ఫర్డ్ ప్రయోగం తెస్తారు కాబట్టి ముందే చెప్తున్నా. 1971లో విద్యార్థులను కాపలావాళ్ళు, ఖైదీలుగా విడదీసి రెండు వారాలు నడపాలనుకుని 6 రోజులకే ఆపేసిన ప్రయోగం. యూనిఫాం వేస్తే మనిషి క్రూరుడైపోతాడనడానికి దాన్నే చూపిస్తారు. కానీ తర్వాత బయటికొచ్చిన రికార్డింగుల్లో, గట్టిగా ఉండమని ఆ కాపలావాళ్ళను నిర్వాహకులే ఎగదోయడం వినిపిస్తుంది. 2002లో బీబీసీలో ప్రసారమైన హాస్లమ్, రైకర్‌ల ఇలాంటి అధ్యయనంలో కాపలావాళ్ళు ఆ పాత్రలోనే సరిగ్గా ఇమడలేకపోయారు. యూనిఫాం ఒక్కటే మనిషిని మార్చదు. నూరిపోసినవాళ్ళెవరో, ఏం నూరిపోశారో కూడా చూడాలి.

ఉత్తరగాలి:
ఇంత చర్చ ఎందుకు, నార్వే చూడండి. 2010లో తెరిచిన హాల్డెన్ జైల్లో సిబ్బంది ఖైదీలతో కూర్చుని తింటారు, ఆడతారు. నార్వేలో మళ్ళీ నేరం చేసేవాళ్ళు 20 శాతం, అమెరికాలో 68 శాతం. ఇంకేం కావాలి?

ఆ మాటకొస్తే మండేలానే చూడండి. దక్షిణాఫ్రికాలో ఆయన ఖైదీగా ఉన్న రాబెన్ ద్వీపానికి కుర్రవాడిగా వార్డర్‌గా వచ్చిన క్రిస్టో బ్రాండ్, రూలు కాదని తెలిసీ మండేలా చేతికి ఆయన పసి మనవరాలిని అందించాడు. ఆ స్నేహం చివరిదాకా ఉంది.

పుస్తకంపురుగు:
ఆ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టొద్దు ఉత్తరగాలి గారూ. నార్వేది రెండేళ్ళలో మళ్ళీ శిక్ష పడినవాళ్ళ లెక్క. అమెరికాది 2005లో విడుదలైనవాళ్ళలో మూడేళ్ళలోపు మళ్ళీ అరెస్టయినవాళ్ళ లెక్క, 67.8 శాతం. అరెస్టయిన ప్రతివాడికీ శిక్ష పడదు. తేడా ఉంది, కాదనను. ఆ అంకెలు చూపినంత మాత్రం కాదు.

ఇనుపగేటు:
నార్వేలో జైలు అధికారి కావాలంటే రెండేళ్ళు చదవాలి. ఆ రెండేళ్ళూ నాకిచ్చుంటే నేనూ ముచ్చట్లాడేవాణ్ణేమో. రాత్రి డ్యూటీలో ఒక్కణ్ణే రెండు బ్యారక్‌లు చూసినవాణ్ణి నేను.

మండేలా కథ బాగుంది. కానీ ఆ ఖైదీ మండేలా అని ఇవాళ మనకు తెలుసు. నా స్నేహితుడు పోస్టు చేసిన ఉత్తరం కూడా ఒక తండ్రి కూతురికి రాసిందే. రూలు కాదని తెలిసీ చేసిందే. ఒకతని పేరు చరిత్రలోకెక్కింది, ఒకతను జైలుకెళ్ళాడు. గేటు దగ్గర నిలబడ్డ ఆ నిమిషంలో ఈ రెండిటినీ విడదీసి చూపించేవాడుంటే చెప్పండి, దణ్ణం పెడతా.

రాత్రిరౌండు:
దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. బ్రాండ్ స్థానంలో నేనుంటే బిడ్డను అందించేదాన్నా అంటే, బహుశా అందించేదాన్నే. అందించి, రిజిస్టర్లో రాసేదాన్నా? అప్పట్లో, ఆ ద్వీపంలో? అది చెప్పలేను.

వార్డర్‌ఇల్లాలు:
మా ఆయన ఈ చర్చ చదవడు గానీ నేను చదువుతున్నా. 11 ఏళ్ళుగా దూరం పాటిస్తున్న మనిషి. ఎక్కడికెళ్ళినా గోడకి వీపు ఆనించి, తలుపు కనబడేలా కూర్చుంటాడు. రాత్రి పిల్లలు పడుకున్నాక గుమ్మంలో నిలబడి ఒకటి, రెండు అని చూసుకుని, లెక్క సరిపోయినట్టు తలూపుతాడు. "ఇవాళ ఎలా గడిచింది" అంటే "గడిచింది" అంటాడు. అక్కడ పెట్టుకున్న తాళం ఇంటికొచ్చాక తియ్యడం లేదు. కొత్తడ్యూటీ బాబూ, అక్కడ మాట్లాడాలో వద్దో నాకు తెలియదు, ఇంట్లో మాత్రం మాట్లాడు.

గోడలోపల:
ఆరేళ్ళు లోపలున్నాను. ఎందుకన్నది ఇక్కడ అనవసరం.

ఇంతమంది మాట్లాడారు, మాకేం కావాలో ఎవరూ అడగలేదు. కలుపుగోలు వార్డర్ అంటే మాకు భయం ఎక్కువ. ఒకాయన ఉండేవాడు, భుజం మీద చెయ్యేసి జోకులేసేవాడు. ఇంట్లో ఏదైనా తేడా వస్తే మర్నాడు అదే మనిషి గది మొత్తం తిరగేసి ఫొటోలు కింద పారేసేవాడు. ఇవాళ ఏ రూలుందో ఆయన ముఖం చూస్తే గానీ తెలిసేది కాదు. ఇంకొకాయన నాలుగు ముక్కలకు మించి మాట్లాడినట్టు గుర్తు లేదు. కానీ "అప్పీలు ఫారం రేపు తెస్తా" అంటే రేపు తెచ్చేవాడు. కుదరదంటే అప్పుడే కుదరదనేవాడు, తిప్పించుకునేవాడు కాదు. తనిఖీ చేసినా తీసిన వస్తువు తీసినచోట పెట్టేవాడు. ఒకసారి బ్యారక్‌లో కొట్లాట లేస్తే ఆయన ఒక్కడే లోపలికొచ్చాడు. మాలో నలుగురం ఆయనకి అడ్డంగా నిలబడ్డాం, ఎవరి దెబ్బా తగలకుండా. ఎందుకంటే ఏం చెప్పను. ఫారం తెచ్చినందుకు.

కాబట్టి ఇనుపగేటు గారి దూరం ఓకే, రాత్రిరౌండు మేడమ్ మాటలూ ఓకే. ఒకరోజు దూరం, ఒకరోజు మాటలు, అదే మమ్మల్ని చంపేది.

ఇక వాన గురించి. గోడవైపు వెళ్ళి చూశారో లేదో గానీ, మర్నాడు ములాఖత్ రోజేమో కూడా చూడండి. వాన పడితే మా అమ్మ వచ్చేది కాదు. మోకాళ్ళ నొప్పులు, బస్సు దొరకదు. ముందురోజు రాత్రే తెలిస్తే ఆశ తగ్గించుకుని పడుకోవచ్చు. తెలియకపోతే పొద్దున్నుంచీ పేరు పిలుస్తారని చెవులు రిక్కించుకుని కూర్చోవాలి.

ఉత్తరగాలి:
ఇది చదివాక నా నార్వే పోస్టు తీసేద్దామా అనిపిస్తోంది.

రాత్రిరౌండు:
ఉంచండి ఉత్తరగాలి గారూ. హాల్డెన్‌లోనూ ఆ ఫారం తెచ్చేవాడి పనే జరుగుతుంది, పేరు వేరు.

గోడలోపల గారు చెప్పిన నలుగురి గురించి ఒక మాట. 1971 సెప్టెంబరులో న్యూయార్క్ రాష్ట్రం అటికా జైల్లో తిరుగుబాటు జరిగినప్పుడు, బందీలుగా పట్టుకున్న సిబ్బందికి దెబ్బ తగలకుండా చుట్టూ కాపలా కాసింది ముస్లిం ఖైదీలే. ఐదో రోజున ప్రభుత్వ బలగాలు కాల్పులు జరిపితే 29 మంది ఖైదీలు, 10 మంది బందీలు పోయారు. ఖైదీలే బందీల గొంతులు కోశారని ముందు ప్రకటించారు. పోస్టుమార్టంలో తేలింది తుపాకీ గుళ్ళని. ఆ తిరుగుబాటుకి రెండు నెలల ముందే ఖైదీలు తమ కోరికలన్నీ కాగితం మీద పెట్టి పైవాళ్ళకు పంపుకున్నారు.

ఇనుపగేటు:
అటికాలో ఖైదీల చేతిలో దెబ్బలు తిని పోయిన అధికారి కూడా ఒకరున్నారమ్మా. ఆయన్నీ లెక్కలో వేసుకో.

రాత్రిరౌండు:
వేసుకున్నానండీ. మీరన్నది న్యాయం.

కొత్తడ్యూటీ:
అందరికీ థాంక్స్. ఇవాళ ములాఖత్ రిజిస్టర్ తిరగేశాను. వాన పడ్డ మర్నాడు అతని పేరుంది. ఎదురుగా "ఎవరూ రాలేదు" అని నా చేతిరాతే ఉంది. ఆ రోజు ఆ డ్యూటీలో ఉన్నది నేనే, రాసింది కూడా గుర్తు లేదు.

రేపు లాకప్ టైములో మబ్బుగా ఉంటే చెప్తాను, అతనొక్కడికే కాదు, వరండాలో అందరికీ వినబడేలా.

ఇనుపగేటు:
చెప్పు తమ్ముడూ, వాన రహస్యమేం కాదు. చెప్పాక గోడవైపు కూడా ఒకసారి వెళ్ళి చూసిరా.