సినిమాలో విన్న పాట, ప్లేటు మీద ఉన్న పాట: దేన్ని అసలుగా భద్రపరచాలి?

ప్రశ్న: పాటలపెట్టె

అందరికీ నమస్కారం. ఆబిడ్స్‌లో ఆదివారాలు కాలిబాట మీద పరిచే పాత పుస్తకాలలో సినిమా పాటల పుస్తకాలు ఏరుకోవడం నాకు చాలాకాలంగా ఉన్న అలవాటు. ఈమధ్య ఒక పాత ఇంటి సామాను అమ్ముతున్నారని తెలిసి వెళితే, అలాంటి పుస్తకాలతో పాటు 1940లు, 50లనాటి తెలుగు పాటల 78 ఆర్.పి.ఎం. (నిమిషానికి 78 చుట్లు తిరిగే) గ్రామఫోన్ ప్లేట్లు ఒక పెట్టెడు, ఆ పెట్టె అడుగున కాగితపు సంచిలో కొన్ని నలుపు తెలుపు నెగటివ్‌లు దొరికాయి. నా దగ్గరున్న కొత్త టర్న్‌టేబుల్‌కు 78 వేగం మీట ఉన్నది కాబట్టి వెంటనే పెట్టి విన్నాను గాని, పాట ఎక్కడో దూరం నుంచి వస్తున్నట్టు పలచగానూ, దానికి మించిన బరబర చప్పుడుతోనూ వినిపించింది.

అంతకంటే నన్ను ఎక్కువగా ఆలోచనలో పడవేసిన సంగతి మరొకటి ఉన్నది. సినిమాలో నేను ఎన్నోసార్లు విన్న ఒక పాటలో ప్లేటు మీద ఒక చరణమే లేదు. మరొక పాటలో వాద్యగోష్ఠి బాగా కుదించి ఉన్నది. వీటన్నిటినీ కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరచాలని నా ఉద్దేశం. అటువంటప్పుడు చప్పుడు తీసివేసి, లేని చరణాన్ని సినిమా నుంచి తెచ్చి అతికించి, నిండైన పాటగా చేయడం సబబేనా? ప్లేట్లను స్పిరిట్‌తో తుడవవచ్చునా? నెగటివ్‌ల సంచి తెరిచినప్పుడు పుల్లటి వాసన వచ్చింది, దానికి ఏమి చేయాలి? తెలిసిన పెద్దలు చెప్పగలరు.

జవాబు 1: లక్కప్లేటు

పాటలపెట్టె గారూ, అన్నిటికంటే ముందుగా స్పిరిట్ సీసాను దూరంగా పెట్టండి. వినైల్ రికార్డులకు పనికివచ్చే ఆల్కహాల్ ద్రావణాలు వీటికి విషంతో సమానం, ఎందుకంటే 78 ప్లేటుకు బంధకం లక్క, లక్క ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో ఒకటి రెండు చుక్కలు ఘాటులేని సబ్బునీరు కలిపి, మెత్తని కుంచెతో గాడుల వెంట గుండ్రంగా తుడిచి, మళ్లీ వట్టి నీటితో కడిగి, నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. మధ్యనున్న కాగితపు లేబులు మాత్రం తడవకూడదు. ఎండలో ఆరబెట్టినా, వరుసగా ఒకదానిమీద ఒకటి పేర్చినా ప్లేటు వంగుతుంది. వంగిన ప్లేటును సరిచేయబోతే విరిగే ప్రమాదం ఉన్నది.

ఇక శబ్దం పలచగా రావడానికి కారణం మీ ముల్లు. టర్న్‌టేబుల్‌తో వచ్చే ముల్లు లాంగ్‌ప్లే రికార్డుల సన్నని గాడికి చేసినది. దాని మొన వ్యాసార్ధం 18 నుంచి 25 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా ఉంటుంది. 78 ప్లేటు గాడి వెడల్పైనది కావడం వల్ల దానికి సుమారు 75 మైక్రాన్ల ముల్లు కావాలి. సన్నని ముల్లు గాడి గోడలను ఆనుకోకుండా అడుగుకు జారి, అక్కడి మట్టినీ గీతలనూ చదువుకుంటూ పోతుంది. వేగం మీట ఒక్కటే ఉంటే చాలదన్న మాట ఆ యంత్రాలు అమ్మేవాళ్లు ఎందుకు చెప్పరో నాకు ఎన్నటికీ అర్థం కాదు. మీ కార్ట్‌రిడ్జ్‌కు (ముల్లును పట్టి ఉంచే భాగానికి) 78 ముల్లు విడిగా దొరుకుతుందేమో చూసుకోండి.

ముల్లు మార్చినా బరబర పూర్తిగా పోదు. లక్క ప్లేటులో లక్క పాలు తక్కువ. మిగిలినదంతా రాతిపొడి, నూలుపీచు, మసి. పాతకాలపు కీ గ్రామఫోన్‌లో నూరు గ్రాములకు పైబడిన బరువుతో ఉక్కు ముల్లు ఆ ప్లేటు మీద తిరిగేది. ఆ రాతిపొడి ఆ ముల్లునే అరగదీసి గాడికి అమర్చాలని, అలా ప్లేటును కాపాడాలని పెట్టిన ఏర్పాటు అది. అందుకే ఒక్కొక్క వైపుకూ ఒక కొత్త ముల్లు వాడమనేవారు. ఆ రాతిపొడి చప్పుడే మీరు వింటున్నది. అయితే ఒక చిన్న ఉపాయం ఉన్నది: ఈ ప్లేట్లలో శబ్దం గాడి పక్కవాటు కదలికలో మాత్రమే ఉంటుంది కాబట్టి, ఎడమ కుడి ఛానళ్లను కలిపి మోనోగా చేస్తే, పైకీ కిందికీ ఊగడం వల్ల వచ్చే చప్పుడు చాలావరకు ఒకదానినొకటి రద్దు చేసుకుంటుంది.

మరొక సంగతి. నేటి ఫోనో ప్రీఆంప్లిఫయర్లు, అంటే ముల్లు నుంచి వచ్చే సన్నని సంకేతాన్ని పెంచే పరికరాలు, 1954 ప్రాంతంలో ఖాయపడిన ఆర్.ఐ.ఎ.ఎ. అనే ఉమ్మడి ప్రమాణం ప్రకారం బాస్ (కిందిస్థాయి), ట్రెబుల్ (పైస్థాయి) స్వరాలను సరిచేస్తాయి. అంతకుముందు కంపెనీలు ఎవరి పద్ధతి వారు పాటించేవారు. 1940ల ప్లేటును యథాతథంగా ఈ ప్రీఆంప్లిఫయర్ ద్వారా వింటే పైస్థాయి స్వరాలు మూగబోతాయి. మీకు దూరం నుంచి వస్తున్నట్టు తోచడానికి ఇదీ ఒక కారణం కావచ్చును.

జవాబు 2: మూడునిమిషాలు

లేని చరణం సంగతి నేను చెబుతాను. పది అంగుళాల 78 ప్లేటు ఒక వైపున పట్టేది మూడు, మూడున్నర నిమిషాలు. సినిమా పాటకు ఆ హద్దు లేదు. నాయిక తోటలోకి వెళ్లేందుకూ, చెలికత్తెలు చుట్టూ చేరేందుకూ మధ్యలో ఎంత వాద్యసంగీతమైనా పెట్టుకోవచ్చును. ఆ పాటనే ప్లేటుకు ఎక్కించవలసి వచ్చినప్పుడు సంగీత దర్శకుడు చరణాన్నో, వాద్యభాగాన్నో వదులుకునేవాడు, లేకపోతే పాటను రెండు వైపులకూ విడగొట్టేవాడు. కొన్ని సందర్భాలలో, ముఖ్యంగా 1940లలో, ప్లేటు కోసం పాటను విడిగా మళ్లీ పాడించడమూ ఉన్నది. అలాంటప్పుడు మీరు వింటున్నది సినిమా పాటకు కోత కోసిన నకలు కాదు. అదే గాయకుడు మరొక పూట, మరొక శ్రుతిలో, మైకుకు మరింత దగ్గరగా నిలబడి పాడిన వేరొక పాట. దానిలోకి సినిమా చరణాన్ని తెచ్చి అతికిస్తే, ఏ స్టూడియోలోనూ ఎవరూ ఎన్నడూ పాడని మూడవ పాట ఒకటి పుడుతుంది. దయచేసి ఆ పని చేయకండి.

లేబులు మీద ఉన్న పేర్లనూ పూర్తిగా నమ్మవద్దు. 1949 నాటి హిందీ చిత్రం ‘మహల్’లో లతా మంగేష్కర్ పాడిన పాటకు ప్లేటు మీద పాత్ర పేరైన ‘కామిని’ అనే వేసిన సంగతి అందరికీ తెలిసినదే. తెలుగులో పేర్ల చిక్కు మరో విధంగా ఉంటుంది. 1957 నాటి ‘మాయాబజార్’కు సంగీత దర్శకుడుగా ఘంటసాల పేరే వేశారు గాని, ‘లాహిరి లాహిరి’తో సహా నాలుగు పాటలకు బాణీలు కట్టినది ముందుగా ఆ చిత్రానికి కుదిరి, మధ్యలో తప్పుకున్న సాలూరి రాజేశ్వరరావు. కాబట్టి లేబులు మీది పేర్లతో పాటు, లేబులుకూ చివరి గాడికీ మధ్య నున్నగా ఉన్న చోట చెక్కిన అంకెలను కూడా రాసుకోండి. ఒకే పాటకు రెండు ప్లేట్లు దొరికినప్పుడు అవి ఒకేసారి పాడినవా, వేర్వేరుగా పాడినవా అని తేల్చేది ఆ అంకెలే.

మీ పాటల పుస్తకాలనూ పక్కన పెట్టకండి. కథను సగం చెప్పి, మిగతాది వెండితెర మీద చూడమని ఊరించి వదిలే ఆ పుస్తకాలలో పాట పూర్తి పాఠం ఉంటుంది. సినిమాలో తీసివేసిన చరణాలు సైతం కొన్నిసార్లు వాటిలో మిగిలి ఉంటాయి. ప్లేటు, సినిమా, పుస్తకం మూడింటినీ పక్కపక్కన పెట్టి తేడాలు రాసుకోవడంలో ఉన్న ఆనందం, అతికించి ఒకటి చేయడంలో లేదని నా అభిప్రాయం.

జవాబు 3: వెలుగునీడలు

శబ్దం గురించి పై ఇద్దరూ చెప్పినదానితో నేను ఏకీభవిస్తాను, కానీ శుద్ధి చేయడమంటేనే పాపమన్నట్టు మాట్లాడడం నాకు నచ్చదు. నేను బొమ్మల మనిషిని, అందుచేత బొమ్మతోనే చెబుతాను. 2010 జనవరిలో ‘మాయాబజార్’కు రంగులు వేసి, మోనో శబ్దాన్ని డి.టి.ఎస్. అనే బహుళ ఛానళ్ల పద్ధతికి మార్చి, నిడివి కొంత తగ్గించి విడుదల చేశారు. ఆ చిత్రాన్ని అంతవరకు పెద్దతెర మీద చూడని తరం హాలుకు వచ్చి చూసింది. అది మేలే. అయినా నేను చూడవలసి వస్తే నలుపు తెలుపే చూస్తాను, ఎందుకంటే ఆ చిత్రానికి ఛాయాగ్రాహకుడైన మార్కస్ బార్ట్‌లీ దీపాలు పెట్టినది రంగులకు కాదు. ‘లాహిరి లాహిరి’ పడవ పాటలోని ఆ వెన్నెలను ఆయనే సృష్టించాడు. నీటి మీది తళుకు, ముఖం అంచున మెరుపు, వెనుక చెట్ల ముదురు బూడిదరంగు, వీటి మధ్యనున్న తేడాలే అక్కడ వెన్నెల. ఆ బూడిదరంగులన్నిటి మీదా నీలం పూసినప్పుడు చంద్రుడు కనిపిస్తాడు గాని వెన్నెల తగ్గుతుంది. అయితే రంగుల ప్రతి వచ్చినంత మాత్రాన నలుపు తెలుపు ప్రతిని ఎవరూ చెరిపివేయలేదు. శుద్ధి చేయడంలో తప్పు లేదు, శుద్ధి చేసినదాన్ని మాత్రమే ఉంచి మూలాన్ని పారవేయడంలో ఉన్నది.

ఇప్పుడు మీ నెగటివ్‌లు. ఆ పుల్లటి వాసన అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము కుళ్లడం వల్ల వచ్చే అసిటిక్ ఆమ్లం వాసన, అంటే వంటింటి వెనిగర్ వాసనే. వేడి, తేమ ఉన్నచోట ఇది వేగంగా సాగుతుంది, మన కోస్తా ఊళ్లలో మరీను. వాసన వచ్చేవాటిని తక్కినవాటి నుంచి ఇవాళే వేరు చేయండి, ఎందుకంటే ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మును కూడా పాడుచేస్తుంది. గాలి ఆడని ప్లాస్టిక్ కవర్లలో పెట్టకుండా, ఆమ్లం లేని కాగితపు కవర్లలో చల్లని పొడిచోట ఉంచండి. మొదలైన కుళ్లు ఆగదు, నెమ్మదిస్తుంది. అందుచేత వాసన ఎక్కువగా ఉన్నవాటినే ముందుగా స్కాన్ చేయించండి. స్కానరులో ఇన్ఫ్రారెడ్‌తో దుమ్ము తీసే సదుపాయం ఉంటే దాన్ని ఆపివేయమనండి. నలుపు తెలుపు ఫిల్ములోని వెండి ఇన్ఫ్రారెడ్‌ను అడ్డుకుంటుంది కాబట్టి, ఆ యంత్రం బొమ్మనే దుమ్ముగా భావించి చెరుపుతుంది.

పాటలపెట్టె

ముగ్గురికీ కృతజ్ఞతలు. నెగటివ్‌లను వేరు చేశాను, అతికించే ఆలోచన మానుకున్నాను. ఇంట్లో వినడానికి మాత్రం చప్పుడు తగ్గించిన ప్రతి ఒకటి ఉండాలని మావాళ్ల కోరిక. అది ఎంతవరకు చేయవచ్చు? తరువాత వీటిని అంతర్జాలంలో పెడితే అభ్యంతరం ఉంటుందా?

జవాబు 4: లక్కప్లేటు

ముందుగా ఏ శుద్ధీ చేయకుండా, రెండు ఛానళ్లనూ కలపకుండా, 24 బిట్ల వేవ్ ఫైలుగా (శబ్దాన్ని కుదించకుండా దాచే ఫైలుగా) ఎక్కించి దాన్ని ముట్టుకోకుండా దాచండి. తరువాత దాని నకలు మీద మోనో చేయడం, టపటపలు తీయడం వంటివి చేసుకోండి. బరబరను తగ్గించేటప్పుడు వీణ మీటులోని తొలి చురుకు, గాయని ఊపిరి తీసుకునే శబ్దం పోకముందే ఆగండి. ఆ రెండూ పోయాక మిగిలేది నీళ్లలోంచి వినిపించే పాట.

అంతర్జాలం సంగతికి వస్తే, మన కాపీరైటు చట్టం ప్రకారం శబ్దముద్రణకు హక్కు విడుదలైన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. 1957లో విడుదలైన ప్లేటుకు ఆ గడువు 2017తో ముగిసింది. కానీ సాహిత్యానికీ బాణీకీ హక్కు విడిగా ఉంటుంది, అది రచయిత మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. ‘మాయాబజార్’ పాటలు రాసిన పింగళి నాగేంద్రరావు 1971లో కన్నుమూశారు కనుక ఆయన మాటలకు 2031 దాకా హక్కు ఉంటుంది. మూడునిమిషాలు గారు చెప్పిన నాలుగు బాణీలు సాలూరివి, ఆయన 1999లో పోయారు కనుక వాటికి 2059 దాకా. అందుచేత ప్లేట్ల జాబితాను, లేబుళ్ల బొమ్మలను, గాడి పక్కనున్న అంకెలను ముందు పెట్టండి. పాటలు పెట్టే ముందు ఒక్కొక్క ప్లేటుకూ ఈ లెక్క విడివిడిగా వేసుకోండి.