ఎల్బ్రస్ దక్షిణ మార్గం: ఏడు రోజులు చాలా?

ప్రశ్న: కిలిమంజారో అయింది. జులైలో గైడ్‌తో రష్యాలోని ఎల్బ్రస్ శిఖరం (5,642 మీ.) ఎక్కాలనుకుంటున్నా. కేబుల్ కారు 3,800 మీటర్లు దాటేదాకా ఉందట కదా, ఏడు రోజులు సరిపోవా? హిమానీనదం మీద నడిచిన అలవాటు లేదు.

జవాబు 1: ఆ కేబుల్ కారే అసలు చిక్కండీ. కొండ కింద అజావులో (2,350 మీ.) ఎక్కితే కాసేపటికే పై స్టేషన్ గరబాషీలో దిగుతారు, ఒంటికి ఎత్తు అలవాటయ్యే వ్యవధే ఉండదు. ముందు చెగెట్ కొండ మీద 3,000 దాటి నడిచి, కిందికొచ్చి పడుకోండి. తర్వాత గరబాషీలో రెండు రాత్రులు ఉండి, పగలు పస్తుఖోవ్ రాళ్ల దాకా (సుమారు 4,700) ఎక్కి దిగాలి. వాతావరణం కోసం రెండు రోజులు విడిగా ఉంచుకోండి. మొత్తం తొమ్మిదో పదో అవుతాయి.

జవాబు 2: క్రాంపాన్లు (మంచులో పట్టుకోసం బూట్ల కింద కట్టే ఇనుప ముళ్లు) మామూలు ట్రెక్కింగ్ షూకి కట్టొద్దు. షూ అడుగుభాగం వంగితే ఏటవాలులో ఊడిపోతాయి. డబుల్ బూట్లు (లోపల ఇంకో పొర ఉండే గట్టి బూట్లు) అద్దెకు దొరుకుతాయి. మందపాటి సాక్సుతో వేసుకుని వేళ్లు కదులుతున్నాయో లేదో చూడండి. బిగుతైతే రక్తం ఆడదు, వేళ్లు గడ్డకడతాయి. ఐస్ యాక్స్‌తో (మంచు గొడ్డలి) జారుడు ఆపుకోవడం ఒక పూటైనా సాధన చేయించమనండి.

జవాబు 3: ప్రమాదం ఎక్కువగా దిగేటప్పుడే. మధ్యాహ్నం మబ్బు కమ్మితే దారి కనబడదు, పక్కకి తప్పితే మంచులో లోతైన పగుళ్లే. అందుకే అర్ధరాత్రి దాటగానే బయల్దేరతారు. దారి గుర్తుల కర్రలు వదలొద్దు. స్నోక్యాట్ (మంచు మీద నడిచే బండి) ఎక్కితే కాళ్లకు సుఖమే, ఒంటి మీద ఎత్తు ప్రభావం మాత్రం తగ్గదు! డబ్బు కట్టేముందు ఒకటి అడగండి: ఒకరికి జబ్బుచేస్తే వాళ్లతో కిందికి దిగే రెండో గైడ్ ఉన్నాడా?