పిట్స్‌బర్గ్–వాషింగ్టన్ నది వెంట బాట: 40 ఎంఎం టైరు తప్పనిసరి అనడం న్యాయమేనా?

కంకరబాట
అక్టోబరు రెండో వారంలో బయల్దేరే మన జట్టుకి నియమాలు ఇవి. పిట్స్‌బర్గ్ నుంచి కంబర్లాండ్ దాకా 150 మైళ్ళు గ్రేట్ అలిగెనీ పాసేజ్, అక్కణ్ణించి వాషింగ్టన్ డీసీలోని జార్జ్‌టౌన్ దాకా 184.5 మైళ్ళు సీ అండ్ ఓ (చెసపీక్ అండ్ ఒహయో) కాలవగట్టు. ఊళ్ళలో నాలుగు వీధులు దాటడం తప్ప దారంతా కార్లు రావు. ఆరు రోజులు. మజిలీలు: కానెల్స్‌విల్, రాక్‌వుడ్, కంబర్లాండ్, హాంకాక్, హార్పర్స్ ఫెర్రీ. టైరు కనీసం 40 ఎంఎం ఉండాలి, ట్యూబ్‌లెస్ అయ్యుండాలి. 38 వాళ్ళు ఇప్పుడే మార్చుకోండి, ఇంకా టైముంది. దీని మీద చర్చ లేదు, సందేహాలుంటే అడగండి.

పాతసైకిల్
చర్చావేదికకొచ్చి చర్చ లేదంటున్నారు, సంతోషం. మొదటి 150 మైళ్ళు పాత రైలు కట్ట. బొగ్గు లాగిన ఇంజన్ల కోసం వేసిన వాలు కాబట్టి ఎక్కడా రెండు శాతం కూడా లేదు. పైన సున్నపురాయి పొడి వేసి రోలరుతో తొక్కించారు, ఎండలో సిమెంటు గచ్చులాగే ఉంటుంది. దాని మీద పిల్లల ట్రెయిలర్లు కట్టుకుని 32 టైర్లతో పోతుంటారు జనం. నా హైబ్రిడ్ సైకిలుకి 38 మించి పట్టదు. ఆ 40 అంకె ఎక్కణ్ణించి పుట్టిందో కాస్త చెప్పండి.

కంకరబాట
రైలు కట్ట గురించి ఎవరన్నారండీ? గొడవంతా రెండో సగంతోనే. సీ అండ్ ఓ గట్టు 1828 నుంచి 1850 దాకా కట్టిన కాలవది, కంచరగాడిదలు తాడుతో పడవలు లాగిన దారి. కొన్ని భాగాలు ఈమధ్య కంకరపొడితో బాగుచేశారు. మిగిలింది బంకమట్టి: రెండు చక్రాల గాడులు, నడుమ గడ్డి, అడ్డంగా చెట్ల వేర్లు. రెండ్రోజులు వాన పడితే గాడుల్లో నీళ్ళు నిలుస్తాయి, కింద వేరుందో రాయుందో కనపడదు. గోదావరి కాలవగట్టు మీద శ్రావణమాసంలో సైకిలు తొక్కినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

లోయగాలి
38కీ 40కీ తేడా రెండు మిల్లీమీటర్లు. చెక్కబద్ద మీద చూస్తే చీమ నడుం. కానివ్వండి, చూస్తున్నా.

పాతసైకిల్
ఆ రెండు మిల్లీమీటర్లు కూడా నిజం కాదు. టైరు పక్కన అచ్చేసిన అంకె వేరు, రిమ్ము మీద ఎక్కాక ఉండే వెడల్పు వేరు. లోపలి వెడల్పు 17 ఉన్న పాత రిమ్ముకి 40 టైరు ఎక్కిస్తే చాలాసార్లు 38కి అటూఇటూగా కొలతొస్తుంది. అదే 38 టైరు 23 రిమ్ము మీద 40 దాకా ఉబ్బుతుంది. మీ నియమం దేని మీద, అచ్చు మీదా, కొలత మీదా? కాలిపర్స్ తెమ్మంటారా?

కంకరబాట
అచ్చు మీదే. బయల్దేరే రోజు పొద్దున పన్నెండుమంది టైర్లు కొలుస్తూ కూచోలేను.
అసలు వెడల్పు దేనికి? గాలి తగ్గించుకోడానికి. మనిషి 75 కిలోలు, సంచులు పది కిలోలు అనుకోండి. 40 ట్యూబ్‌లెస్‌లో ముందు 35, వెనక 40 పీఎస్ఐతో పోవచ్చు, వేర్ల మీద టైరే వంగి సర్దుకుంటుంది. 38లో ట్యూబు వేసి అంత తక్కువ పెడితే వేరు తగిలినప్పుడల్లా ట్యూబు రిమ్ముకీ వేరుకీ మధ్య నలిగి, పాము కాటులా పక్కపక్కన రెండు చిల్లులు పడతాయి. అందుకని 50, 55 కొడతారు. అలా కొడితే మూడోనాటికి చేతులు తిమ్మిరెక్కి బ్రేకు లివరు మీద వేళ్ళు నిలవవు.

ముల్లుగుచ్చింది
ట్యూబ్‌లెస్సే సర్వరోగ నివారిణి అన్నట్టు రాస్తున్నారు కాబట్టి రెండు ముక్కలు. సీలెంటు (చిల్లుల్ని లోపలినుంచి పూడ్చే ద్రవం) టైరుకి 60 నుంచి 90 ఎంఎల్ పోస్తాం, రెండు మూడు నెలల్లో ఎండిపోతుంది. వేసవిలో పోసి అక్టోబరులో బయల్దేరేవాళ్ళ టైర్లలో మిగిలేది మీగడ తరకే. వాల్వు కోరు విప్పి, సన్న పుల్ల లోపలికి దించి తీయండి. తడి అంటకపోతే మళ్ళీ పొయ్యాలి.
ఇక దారిలో సీలెంటు పూడ్చలేని కోత పడితే ఎలాగూ ట్యూబు వెయ్యాల్సిందే. అప్పుడు తెలుస్తుంది అసలు కష్టం. వాల్వు నట్టు చుట్టూ సీలెంటు గడ్డకట్టి వేళ్ళతో తిరగదు. చిన్న కటింగ్ ప్లేయరు లేకపోతే చేతిలో మంచి ట్యూబుండీ దిగులుగా కూచోవాలి. నట్టు ఊడాక కూడా తొందరపడొద్దు. కాలవగట్టు మీద లోకస్ట్ చెట్టు ముళ్ళు ఉంటాయి, అచ్చం తుమ్మముళ్ళే. సీలెంటు పూడ్చేస్తుంది కాబట్టి అవి టైరులో ఉన్న సంగతే మనకి తెలీదు. ట్యూబు ఎక్కించి గాలి కొట్టగానే అన్నీ ఒక్కసారి దిగుతాయి. ముందు టైరు లోపల గుడ్డ తిప్పండి, పోగు ఎక్కడ పట్టుకుంటే అక్కడ ముల్లు. బయటినుంచి లాగకండి, మొన విరిగి లోపలే ఉండిపోతుంది. లోపలినుంచి వెనక్కి తోసి పట్టుకారుతో పీకండి.

పాతసైకిల్
నేను రెండ్రోజులుగా అంటున్నది ఇదేనండీ. ట్యూబు వేసుకున్నవాడు పది నిమిషాల్లో లేస్తాడు.

కంకరబాట
పది నిమిషాలు చొప్పున రోజుకి ఎన్ని సార్లు?

గుట్టదిగుడు
మధ్యలో దూరుతున్నాను, క్షమించాలి. గేర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తక్కర్లేదు కూడా. పిట్స్‌బర్గ్ వైపు నుంచి 2,392 అడుగుల దగ్గరున్న ఈస్టర్న్ కాంటినెంటల్ డివైడ్ (ఇటు నీళ్ళు ఇటు, అటు నీళ్ళు అటు పారే కొండగట్టు) దాకా 125 మైళ్ళకి పైగా ఎక్కుడు, అదీ తెలిసీ తెలియకుండా. అక్కణ్ణించి కంబర్లాండ్‌కి 24 మైళ్ళలో 1,700 అడుగులకి పైగా దిగుడు. ముందు 40 పళ్ళ గేరు చక్రం, వెనక 36 పళ్ళది ఉంటే దండిగా సరిపోతుంది. నొప్పి వచ్చేది కాళ్ళకి కాదు, పిరుదులకి. ఎక్కుడు కాబట్టి పెడలు ఆపే వీలుండదు, సీటు మీంచి లేచే అవసరమూ రాదు. గంటకోసారి పని లేకపోయినా నిలబడి తొక్కండి.
దిగుడులో బిగ్ సావేజ్ సొరంగం వస్తుంది, 3,294 అడుగులు, లోపల దీపాలుంటాయి. చలికాలం తలుపులు మూసేస్తారు, అక్టోబరులో బెంగ లేదు.

లోయగాలి
కంబర్లాండ్ దాటాక కాలవగట్టు మీదొచ్చే పా పా సొరంగంలో దీపాలు ఉండవని కూడా రాయండి. 3,118 అడుగులు, ఇరుకు గట్టు, పక్కన కాలవ నీళ్ళు, ఎగుడుదిగుడు నేల. లైటు వేసుకుని దిగి నడవాలి.

పాతసైకిల్
పా పా పేరొచ్చింది కాబట్టి మనసులో మాట అంటాను. కిందటేడు ఇదే జట్టులో అదే సొరంగం దగ్గర ఇద్దర్ని వదిలేసి ముందుకెళ్ళిపోయారు. వాళ్ళ టైర్లు 42, ట్యూబ్‌లెస్. మరి వాళ్ళెందుకు వెనకబడ్డారు? మడ్‌గార్డుకీ టైరుకీ మధ్య సందు అయిదు ఎంఎం కూడా లేదు. బంకమట్టి అందులోకెక్కి గడ్డకట్టి చక్రం ఆగిపోయింది. ప్రతి అరమైలుకీ దిగి పుల్లతో గీకారు. టైరు లావైన కొద్దీ ఆ సందు తగ్గుతుందన్నది లెక్కలోకి తీసుకున్నారా? నా 38కి సందు 12 ఎంఎం. బురదలో ఎవరు ముందు ఆగుతారో చెప్పండి.

కంకరబాట
వదిలేశారు అనే మాట వెనక్కి తీసుకోండి. గంటన్నర ఆగాం. అక్టోబరు మధ్యలో అక్కడ సాయంత్రం ఆరున్నరకల్లా పొద్దు గూకుతుంది. పా పా నుంచి హాంకాక్ ఇంకా 32 మైళ్ళు. బురదలో గంటకి ఏడు మైళ్ళు పడితే గొప్ప. లెక్కేసుకోండి, ఎవరి కోసం ఎవరు చీకట్లో తొక్కాలి?

పాతసైకిల్
అదీ సంగతి. ఇంతసేపూ పీఎస్ఐలూ వేర్లూ చెప్పారు. మీక్కావలసింది వెడల్పు టైరు కాదు, ఆగాల్సిన పని పెట్టని మనుషులు. ఆ ముక్క మొదటి పోస్టులో రాసుంటే నేను ఇంత రాసేవాణ్ణే కాదు.

కంకరబాట
సరే, రాస్తున్నాను. అవును. నాకున్న సెలవు ఆరు రోజులు. కంబర్లాండ్–హాంకాక్ 60 మైళ్ళు, హాంకాక్–హార్పర్స్ ఫెర్రీ 63, ఆఖర్రోజు 61. కొత్త టైరు కొని, సీలెంటు పోసి, నెల ముందే తొక్కి చూసుకున్నవాడు మిగతావాటికీ సిద్ధపడే వస్తాడని నా నమ్మకం. టైరు ఆ సిద్ధపాటుకి గుర్తు, అంతే.

ముల్లుగుచ్చింది
గుర్తు కావాలంటే టైరెందుకు, నాలుగు వస్తువులు అడగండి: సైకిలుకి సరిపోయే స్పేర్ డిరైలర్ హ్యాంగరు (గేర్లు మార్చే డిరైలర్‌ని ఫ్రేముకి పట్టి ఉంచే ముక్క), చెయిన్ క్విక్ లింకు (తెగిన చెయిను కలిపేది), రెండు ట్యూబులు, బ్రేకు ప్యాడ్లు. తడిసిన సున్నపురాయి పొడి రుబ్బురోలు పని చేస్తుంది, మెత్తటి రెజిన్ ప్యాడ్లు వానలో తొందరగా అరిగిపోతాయి. సింటర్డ్ (లోహపు పొడితో చేసినవి) అయితే నిలుస్తాయి, కానీ ఆ డిస్కు వాటికి పనికొస్తుందో లేదో ముందే చూసుకోవాలి, కొన్నిటి మీద రెజిన్ మాత్రమే అని రాసుంటుంది. చెయిను మీదా అదే పొడి. సాయంత్రం బాటిల్‌తో నీళ్ళు పోసి, గుడ్డతో తుడిచి, ఆరాక నూనె. ఆరకముందే నూనె వేస్తే పొడీ నూనే కలిసి సానపొడి అవుతుంది. హ్యాంగరు మాటకొస్తే, ఒహయోపైల్–కానెల్స్‌విల్ మధ్య 17 మైళ్ళు లోయలో బాట తప్ప ఏమీ లేదు. అక్కడ డిరైలర్ వంగితే 38 అయినా 45 అయినా నడకే.

గుట్టదిగుడు
నాలుగోరోజుకి మందు ఉంది. లిటిల్ ఆర్లియన్స్ దగ్గర గట్టు దిగి వెస్టర్న్ మేరీలాండ్ రైల్ ట్రెయిల్ ఎక్కండి. కాలవ పక్కనే పోతుంది, తారు వేసిన బాట, కార్లుండవు. అక్కణ్ణించి హాంకాక్ దాకా సుమారు 16 మైళ్ళు, చాలామటుకు బురద ఉండదు. బిగ్ పూల్ దాకా కూడా అదే పట్టుకుంటే అయిదోరోజు పొద్దున కూడా కలిసొస్తుంది. వాన ఉంటే జట్టంతా అటే పోవాలని నియమం పెట్టండి, సగం తగువు తీరుతుంది.

కంకరబాట
తారు మీద తొక్కడానికి ఇంత దూరం రావాలా?

పాతసైకిల్
చూశారా. టైమూ కావాలి, మట్టీ కావాలి, ఆగడం మాత్రం కుదరదు.

కంకరబాట
వాన పడితే తారు, ఒప్పుకున్నా. ముల్లుగుచ్చింది గారి నాలుగు వస్తువులూ చేరుస్తున్నా. మడ్‌గార్డు సందు కనీసం 10 ఎంఎం, తక్కువైతే విప్పేసి రావాలి. 40 మాత్రం అలాగే ఉంటుంది.

పాతసైకిల్
మేం నలుగురం ఏడు రోజుల్లో వస్తున్నాం, ఒకరోజు ముందు బయల్దేరతాం. నాలుగో రాత్రి పా పా సొరంగం దగ్గర గుడారాలు. మర్నాడు మీరు హాంకాక్ వెళ్తూ ఎప్పుడో సాయంత్రం దారిలో మమ్మల్ని దాటతారు. గంట కొట్టి దాటండి.

చినవంతెన
మొత్తం చదవలేదు. డీసీ నుంచి పిట్స్‌బర్గ్‌కి రైల్లో సైకిలు పడుతుందా?

గుట్టదిగుడు
పడుతుంది. ఆమ్‌ట్రాక్ ఫ్లోరిడియన్, ఇదివరకటి కాపిటల్ లిమిటెడ్ దారే. సైకిలుకి విడిగా రిజర్వేషన్ చెయ్యాలి, స్థలాలు కొన్నే, పన్నెండుమందికి ఒకే రోజు దొరకడం కష్టం. ఎక్కేముందు సంచులన్నీ విప్పెయ్యాలి. దిగేది అర్ధరాత్రి ప్రాంతంలో, కాబట్టి స్టేషనుకి దగ్గరగా గది చూసుకోండి.

చినవంతెన
థాంక్స్ అన్నా. నాది 35 టైరు, పర్లేదు కదా?