కొత్త బ్యాటరీ వేసినా కారు రిమోట్ ఇంటి దగ్గర పనిచేయడం లేదు

మాది విజయనగరం. 2017 మోడల్ పెట్రోల్ కారు, మడత తాళంలోనే రిమోట్ ఉండే రకం. పన్నెండు రోజులుగా ఇంటి ముందు లాక్, అన్‌లాక్ బటన్లు రెండూ పనిచేయడం లేదు. తాళాన్ని డ్రైవర్ అద్దానికి దాదాపు ఆనించి నాలుగైదు సార్లు నొక్కితే ఒక్కసారి తెరుచుకుంటోంది. ఇదివరకు వరండాలోంచి నొక్కినా పలికేది.

బ్యాటరీ అనుకుని మూడు లాంతర్ల జంక్షన్ దగ్గర కొత్త సీఆర్2032 బిళ్ల బ్యాటరీ కొని వేశాను. మల్టీమీటర్‌లో 3.2 వోల్టులు చూపించింది. లోపలి రాగి రేకులు కాస్త నల్లబడితే పెన్సిల్ రబ్బరుతో రుద్దాను. బటన్ నొక్కితే ఎర్ర లైటు బాగానే వెలుగుతోంది. బీరువాలో ఉన్న రెండో తాళంతోనూ ఇదే తంతు. తాళంతో తలుపు తెరుచుకుంటోంది, ఇంజన్ కూడా మామూలుగా స్టార్టవుతోంది. తాళంలోని ఇమ్మొబిలైజర్ చిప్‌కి (ఇంజన్ స్టార్టవ్వడానికి కారు గుర్తుపట్టే చిప్) బ్యాటరీతో పని లేదు కాబట్టి అది లెక్కలోకి రాదు.

తిరకాసు ఏమిటంటే, మొన్న రామతీర్థం వెళ్తే కొండ కింద పార్కింగ్‌లో పది అడుగుల దూరం నుంచే మొదటి నొక్కుకే తెరుచుకుంది! ఇంటికొచ్చాక మళ్లీ మొదటికే. మెకానిక్ మాత్రం కారులో రిమోట్ సిగ్నల్ అందుకునే రిసీవర్ మార్చేయమంటున్నాడు, నాకు నమ్మకం కుదరడం లేదు. పక్కింటివాళ్లు ఈమధ్యే వైర్‌లెస్ కాలింగ్ బెల్, రిమోట్ గేటు పెట్టించారు. అలాంటివి చాలావరకు 433 మెగాహెర్ట్జ్ రేడియో ఫ్రీక్వెన్సీ మీదే నడుస్తాయట, నా రిమోట్ వెనకాల కూడా అదే అంకె ఉంది.

రిసీవర్‌కి డబ్బు తగలేసే ముందు, ఆ బెల్లూ గేటూ నా రిమోట్ సిగ్నల్‌కి అడ్డొస్తున్నాయో లేదో ఖాయంగా తేల్చుకోవడం ఎలా?